జనగామ, మానుకోట, భూపాలపల్లి: కిరాయి కట్టేటోళ్లు ఏడున్నరు?

ఈ నడుమ మన ఊర్లల్ల పాతిక, ముప్పై ఏండ్ల పోరగాండ్ల నోట ఒక్కటే ముచ్చట. "అన్నా, జిల్లా కేంద్రంల చిన్న ఇల్లు కొని కిరాయికి ఇస్తే ఎట్లుంటది?" ఆలోచన మంచిదే. ఆ వెంటనే అడిగే రెండో ప్రశ్న కాడనే లెక్క తప్పుతున్నది. "ఏ ఊర్ల గజం ధర జల్ది పెరుగుతది?" అంటున్నరు. కిరాయి కోసం కొనేటోళ్లు ముందుగాల వేరేది అడగాలె. ఆ ఊర్ల నెలనెలా కిరాయి కట్టే మనిషి ఎవరు? ఆ మనిషి జీతం ఏడికెళ్లి వస్తది? పదేండ్లయినంక కూడా ఆ మనిషి ఆడ ఉంటడా?

2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్ జిల్లా ముక్కలైంది. జనగామోళ్లు కొట్లాడి జిల్లా తెచ్చుకున్నరు, మానుకోట, భూపాలపల్లి కూడా జిల్లాలైనయి. 2022ల మానుకోటకు, 2023ల జనగామకు, భూపాలపల్లికి సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి. ఇప్పుడు ఏ వెంచర్ కాయితం సూసినా ఇదే పాట: కలెక్టరేట్ పక్కనే, మెడికల్ కాలేజీకి అయిదు నిమిషాలే. అరె, మూడు ఊర్లకూ ఉన్నదాన్ని సూపెట్టి ఒక ఊరు మంచిదని ఎట్ల అంటరు? పైగా జీవోతోని వచ్చింది ఇంకో జీవోతోని మారొచ్చు. 2019 ఫిబ్రవరిల ములుగు వేరే జిల్లా అయినంక ములుగు, ఏటూరునాగారం, మంగపేట జనానికి భూపాలపల్లి కలెక్టరేట్‌తోని పని పడుడు బందయింది. ఆఫీసును నమ్ముకొని రూములు కట్టేటోళ్లు ఇది యాదిల పెట్టుకోవాలె.

జనగామ సంగతి సూద్దాం. పట్నానికి 85 కిలోమీటర్ల దూరం, 163 నంబరు జాతీయ రహదారి, సికింద్రాబాద్–కాజీపేట రైలు లైను. అందుకే పట్నమోళ్లు వచ్చి జాగలు కొన్నరు, ధరలు గుంజిన్రు. కానీ ఆ రోడ్డు, ఆ రైలే కిరాయిని తింటున్నయి. పొద్దున రైలెక్కి పనికి పోయి రాత్రికి ఇల్లు చేరేటోడు జనగామల కిరాయికెందుకుంటడు? సర్కారు నౌకర్లల్ల కూడా హన్మకొండలనో, ఉప్పల్ దిక్కో కాపురం పెట్టి వచ్చిపోయేటోళ్లున్నరు. నా లెక్కల జనగామ జాగ కొని పదేండ్లు ఓపిక పట్టేటోళ్ల ఊరు. నెలకింత కిరాయి చేతికి రావాలనుకునేటోళ్లకు ధర ఎక్కువ, రాబడి తక్కువ.

భూపాలపల్లి దీనికి ఉల్టా. రైలు లేదు, హన్మకొండకు పోవాలన్నా బస్సే దిక్కు. వచ్చి పనిచేసేటోడు ఆడ ఉండాల్సిందే. సింగరేణి కేటీకే బాయిలున్నయి, ఓపెన్‌కాస్టు ఉన్నది, చెల్పూరుల 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కరెంటు కేంద్రం ఉన్నది. జీతాలున్న ఊరు. కానీ ఒక్క మాట. పర్మినెంటు కార్మికులకు కంపెనీ క్వార్టర్లు ఇస్తది, జెన్‌కోకు దాని కాలనీ దానికున్నది. మన రూములకు ఎక్కువగా వచ్చేది కాంట్రాక్టు కార్మికులు, డ్రైవర్లు, చిన్న టీచర్లు, నర్సులు. వాళ్ల జీతం చిన్నది, కాంట్రాక్టు మారితే ఊరు మారుతరు. 1990ల మొదట్ల సింగరేణిల లక్ష దాటి కార్మికులుండె, ఇప్పుడు 40 వేల చిల్లరకు వచ్చిన్రు. మిషన్లు వచ్చినకొద్దీ బొగ్గు పెరుగుతది, మనుషులు తగ్గుతరు. కిరాయి కట్టేది టన్నులు కాదు గదా!

బొగ్గు అయిపోతే ఏమైతదో ఇల్లందును అడుగుండ్రి. సింగరేణి పుట్టిందే ఆడ, పెద్దాఫీసు కొత్తగూడెం పోయింది, బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డయి. అంతకంటే దగ్గరి ముచ్చట మంగపేట మండలం కమలాపురం. బిల్ట్ ఫ్యాక్టరీ మీదనే ఆ ఊరి హోటలు, కిరాణం, కిరాయి ఇల్లు, అన్నీ నడిచినయి. 2014ల ఉత్పత్తి ఆగింది. కార్మికులు జీతాల కోసం ఏండ్ల తరబడి ధర్నాలు చేసిన్రు, మల్ల తెరుస్తరని ఎన్ని మాటలు చెప్పినా తెరువలే. ఒక్క గేటు మీద బతికే ఊర్ల ఇల్లు కొంటే ఆ గేటుకు తాళం పడ్డ నాడు మన ఇంటికీ తాళమే. భూపాలపల్లి రేపే ఖాళీ అయితదని నేననను. కానీ అక్కడ కొంటే ఎనిమిది, పదేండ్లల్ల పెట్టిన పైసలు తిరిగొచ్చేటట్టు చవకల కొనాలె, అప్పు ఎక్కువ పెట్టొద్దు.

ఇగ మానుకోట. పేరుకు మహబూబాబాద్, అందరి నోట మానుకోటనే. కాజీపేట–విజయవాడ లైను మీదున్నది. పట్నం దూరమైతది, రోజూ పోయిరాలేరు. మిర్చి సీజన్ల మార్కెట్‌కు జనం, దవాఖానకు జనం, కోర్టుకు జనం. అన్నింటికంటే పెద్ద సంగతి తండాలు. చుట్టుముట్టు లంబాడ తండాలే. పిల్లల సదువు కోసం తల్లి ఒక రూము కిరాయికి తీసుకొని టౌన్ల ఉంటది, తండ్రి తండాల ఎవుసం సూసుకుంటడు. ఇంటర్, డిగ్రీ పోరగాండ్లు ముగ్గురు నలుగురు కలిసి రూము తీసుకుంటరు. ఈ కిరాయి చిన్నదే. కానీ అది ఒక్క కంపెనీ మీద, ఒక్క జీవో మీద ఆధారపడ్డది కాదు. పిల్లల సదువు ఆపే తల్లి ఉండది. అందుకే మూడిట్ల నన్నడిగితే చిన్న రూముల కిరాయికి మానుకోట అంట.

అయితే మానుకోట జిల్లాల రెండు గండాలున్నయి. ఒకటి ఏజెన్సీ. కొత్తగూడ, గంగారం, బయ్యారం దిక్కు ఊర్లు షెడ్యూల్డ్ ప్రాంతంల ఉన్నయి. 1970 నాటి 1/70 చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లది. "సాదాబైనామా రాసుకుందాం, ఏం కాదు" అనేటోడు మీ పైసలు ముంచేటోడే. సర్వే నంబరు నోటిఫైడ్ ఊర్ల ఉన్నదా లేదా తహసీల్ ఆఫీసుల కనుక్కోకుండా బయానా ఇయ్యొద్దు. రెండోది నీళ్లు. 2024 సెప్టెంబర్ 1 వానలకు కేసముద్రం–ఇంటికన్నె నడుమ రైలు పట్టాల కింద కట్టనే కొట్టుకపోయింది. రైలు కట్టకే దిక్కు లేకపోతే శిఖంల లేచిన ఇంటి గతేంది? ఎండకాలంల సూసి కొనకుండ్రి, జోరువాన పడ్డ తెల్లారి పోయి సూడుండ్రి.

లెక్క కాడికి వద్దాం. 25 లక్షలు పెట్టి కట్టిన ఇల్లు కొన్నరనుకో. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే ఇంకో 1,87,500. కిరాయి 7 వేలు వస్తదనుకుంటే, ఏడాదిల ఒక నెల ఖాళీ పోను 77 వేలు. ఇంటి పన్ను, సున్నం, మోటరు రిపేరు కలిపి 12 వేలు తీస్తే 65 వేలు. నూటికి ఏడాదికి రెండున్నర రూపాయలు కూడా పడయి. బ్యాంకుల డిపాజిట్ చేస్తే ఆరు రూపాయల దాకా వస్తది. అదే ఇంటికి 15 లక్షల లోను ఇరవై ఏండ్లకు ఎనిమిదిన్నర మిత్తితోని తీసుకుంటే కిస్తీ 13 వేలు. వచ్చేది 7, పోయేది 13. ఆ తేడా మీ నాయిన పత్తి పైసలల్లకెళ్లి పోతది.

ఇంకో తీరు సూడుండ్రి. టౌన్ల తాతల నాటి జాగనో, పాత పెంకుటిల్లో ఉన్నది, దాంట్ల 12 లక్షలతోని మూడు సింగిల్ రూములు ఏసిన్రనుకో. ఒక్కోటి 3 వేలైతే నెలకు 9 వేలు. ఖాళీలు, ఖర్చులు పోను ఏడాదికి 84 వేలు, నూటికి ఏడు. ఒక రూము ఖాళీ అయినా రెండు నడుస్తయి. ఇవి లెక్క అర్థం కావాలని ఏసుకున్న అంకెలు, మీ గల్లీ కిరాయి మీరే పోయి అడుగుండ్రి. పట్టణాలల్ల 75 గజాల దాకా జాగల చిన్న ఇల్లు కట్టుకుంటే 2020 టీఎస్‌బీపాస్ చట్టం కింద ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సాలు. లేఅవుట్ పర్మిషన్ లేని ప్లాటైతే మాత్రం ఎల్‌ఆర్‌ఎస్ అయిందా లేదా సూసుకోవాలె. దానికి 2020 ఆగస్టు 26 కంటే ముందటివే లెక్కకొస్తయి.

ఇల్లు కొనుడు కోసం ఊర్ల ఎకరం అమ్ముదామనేటోళ్లు కూడా ఉన్నరు. నీళ్లున్న ఎకరమైతే అమ్మకుండ్రి. ఏడాదికి 65 వేలు ఆ ఎకరమే ఇస్తదేమో ముందుగాల లెక్క గట్టుండ్రి.

చివరికి ఎవరూ రాయని ముచ్చట ఒకటున్నది. మన టౌన్లల్ల టూ-లెట్ బోర్డు సూసి పోతే మొదటి ప్రశ్న "మీరేంటోళ్లు?" అనే. తండా పిల్లను, మాదిగింటి నర్సును మాయమాటలు చెప్పి వాపస్ పంపుతరు, రూము మూడు నెలలు ఖాళీ ఉంటది, ఆనక కిరాయిలు లేవని ఏడుస్తరు. మానుకోటల, భూపాలపల్లిల రూము అడుగవచ్చేదే వాళ్లు. వాళ్లకు ఇయ్యనోడు ఈ ఊర్లల్ల కిరాయి ఇల్లు కొనకపోవుడే నయం. ఇచ్చేటోళ్లు పదకొండు నెలల కాయితం రాసుకోండ్రి, ఒక్కో రూముకు వేరే కరెంటు మీటరు పెట్టుండ్రి. సగం కొట్లాటలు ఆ మీటరు కాడనే మొదలైతయి.