గాయపడిన రక్షక సిబ్బందికి తిరిగి పని: రెండు రాష్ట్రాల పోలీసు, అగ్నిమాపక శాఖలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోలీసు డైరెక్టర్ జనరళ్లకు, అగ్నిమాపక శాఖల అధిపతులకు,

విషయం: విధి నిర్వహణలో శాశ్వత వైకల్యం పొందిన సిబ్బంది పునర్నియోగం.

మందుపాతర పేలుడులోనో, బందోబస్తుకు వెళ్తూ జరిగిన ప్రమాదంలోనో, మంటల్లో కూలిన గోడ కిందనో అవయవాన్ని గానీ చూపును గానీ కోల్పోయిన కానిస్టేబులుకూ ఫైర్‌మ్యాన్‌కూ వైద్యం, పరిహారం అందితే ప్రభుత్వ బాధ్యత తీరినట్లేనన్న భావన తరచుగా వినిపిస్తుంది. ఆ ఉద్యోగి మళ్లీ ఏ పనిలో, ఏ హోదాతో, ఏ పదోన్నతి మార్గంలో నిలబడతాడన్న ప్రశ్నకు మాత్రం ఆ రెండింటిలోనూ సమాధానం లేదు. ఈ లేఖ ఉద్దేశం ఆ ప్రశ్నను శాఖాధిపతుల ముందుంచడమే.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించడానికి గానీ హోదా తగ్గించడానికి గానీ వీల్లేదు. పాత పని చేయలేని పక్షంలో అదే వేతన స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలతో మరో పోస్టుకు మార్చాలి. అదీ కుదరకపోతే తగిన ఖాళీ వచ్చేవరకూ లేదా పదవీ విరమణ వరకూ సూపర్ న్యూమరరీ పోస్టులో, అంటే మంజూరైన సంఖ్యకు అదనంగా ఆ వ్యక్తి కోసమే సృష్టించిన పోస్టులో, కొనసాగించాలి. 1995 నాటి పాత చట్టంలోనూ ఈ రక్షణ ఉండేది. దాని ఆధారంగానే, విధుల్లో గాయపడి ఎడమ కాలు పోగొట్టుకున్న ఎస్ఎస్‌బీ కానిస్టేబుల్ కునాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2003లో తీర్పునిస్తూ, వైకల్య పింఛను మంజూరైందన్న కారణంతో ఉద్యోగ రక్షణను నిరాకరించరాదని తేల్చింది. కేంద్ర సాయుధ బలగాల్లోని పోరాట విభాగాలకు కేంద్రం 2021లో కొన్ని నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చినా, అది రాష్ట్ర పోలీసులకు వర్తించేది కాదు.

అయితే చట్టం చివరి ఆసరాగా ఉంచిన సూపర్ న్యూమరరీ పోస్టు ఆచరణలో మొదటి మజిలీగా మారే ప్రమాదం ఉంది. జీతం ఆగకపోయినా చేతికి పని లేని ఉద్యోగి క్రమంగా లూప్‌లైన్‌కు, అంటే ప్రాధాన్యం లేని పోస్టులకు, పరిమితమై, శిక్షణకూ పదోన్నతికీ దూరమవుతాడు. వైకల్యం కారణంగా పదోన్నతి నిరాకరించరాదని అదే సెక్షన్ చెబుతున్నప్పటికీ, పనిలో చూపిన ప్రతిభే లేనప్పుడు పదోన్నతికి ప్రాతిపదిక మిగలదు.

తిరిగి చేరే సమయం కూడా కీలకమైనది. మోకాలి దిగువన కాలు తొలగించినప్పుడు మిగిలిన భాగంలోని వాపు నెలల తరబడి తగ్గుతూ వస్తుంది కాబట్టి, మొదట అమర్చిన కృత్రిమ కాలి సాకెట్, అంటే ఆ భాగాన్ని ఇముడ్చుకునే తొడుగు, వదులై చర్మాన్ని ఒరుసుకుని పుండ్లు పడేలా చేయవచ్చు. అందువల్ల దానిని పదే పదే సరిచేయవలసి వస్తుంది. ఆ దశలో గేటు దగ్గర గంటల తరబడి నిలబడే డ్యూటీ వేస్తే ఎంతటి పట్టుదల గలవాడైనా విఫలమవుతాడు, ఆ వైఫల్యం మీద శాశ్వతంగా అన్‌ఫిట్ అన్న ముద్ర పడుతుంది. రోజుకు కొన్ని గంటలు కూర్చుని చేసే పనితో మొదలుపెట్టి బాధ్యతను దశలవారీగా పెంచితే అదే ఉద్యోగి నిలదొక్కుకుంటాడు. చట్టం సహేతుక సర్దుబాటు అని పేర్కొన్నది ఇలాంటి ఏర్పాటునే: సంస్థపై అసమంజసమైన భారం మోపకుండా, పనిని మనిషికి అనువుగా మలచడం.

అటువంటి పనికి కొరత లేదు. 112 కాల్స్‌కు స్పందించడం, సైబర్ నేరాల దర్యాప్తు, సీసీ కెమెరాల దృశ్యాల విశ్లేషణ, అగ్నిప్రమాద నివారణ తనిఖీల ఫైళ్ల పరిశీలన, కొత్తవారికి శిక్షణ వంటివన్నీ అనుభవం ఎక్కువగా, పరుగు తక్కువగా అవసరమైన విధులు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన సమీకృత కమాండ్ కంట్రోల్ సెంటర్ వంటి చోట, వీధులూ జనమూ తెలిసిన పాత కానిస్టేబులు తెర ముందు కూర్చున్నా పోలీసు పనే చేస్తాడు. గాయపడిన జవాన్లకు సైబర్ నైపుణ్యాల్లోనూ పారా క్రీడల్లోనూ శిక్షణ ఇచ్చేందుకు సీఆర్‌పీఎఫ్ 2020లో హైదరాబాద్ శివార్లలోనే దివ్యాంగ సాధికారత జాతీయ కేంద్రాన్ని నెలకొల్పిందంటే, ఆదర్శం కోసం దూరంగా వెతకవలసిన పని కూడా లేదు.

కాబట్టి ఈ శాఖలు నాలుగు పనులు చేపట్టాలి. గాయపడిన ఉద్యోగి ఆస్పత్రిలో ఉండగానే అతనితో సంప్రదించి పునర్నియోగ ప్రణాళికను రాతపూర్వకంగా రూపొందించాలి. మెడికల్ బోర్డు ఫిట్, అన్‌ఫిట్ అన్న రెండు మాటలతో సరిపెట్టకుండా, ఏయే పనులు చేయగలడో విడివిడిగా నమోదు చేయాలి. స్టేషన్లలో, శిక్షణ కళాశాలల్లో ర్యాంపులు, అనువైన మరుగుదొడ్లు కల్పించాలి. చట్టంలోని 21వ సెక్షన్ కోరిన సమాన అవకాశాల విధానంలో వీటన్నిటినీ చేర్చి, సిబ్బంది అందరికీ తెలిసేలా ప్రకటించాలి.

ప్రజల ప్రాణాల కోసం శరీరాన్ని పణంగా పెట్టిన ఉద్యోగికి జీతంతో పాటు యూనిఫాంకు తగిన పనిని కూడా తిరిగి అప్పగించడం దయ కాదు, శాఖ తీర్చవలసిన బాకీ. ఆ మేరకు ఉభయ రాష్ట్రాల శాఖాధిపతులు వెంటనే ఉత్తర్వులు జారీ చేయాలని ఈ లేఖ సవినయంగా కోరుతోంది.