బొమ్మ వేరు, వస్తువు వేరు

పిల్లలూ! మీలో చాలామంది సెల్‌ఫోనులో ఆటలు ఆడేవారే. ఆ ఆటల్లో బంతి గోడకు తగిలి వెనక్కి వస్తుంది. గట్టు మీదినుంచి దూకిన కుర్రవాడు నేల మీద ఆగుతాడు, నేలలోకి దిగబడిపోడు. ఇందులో వింతేముంది అంటారా? తెర మీద నిజానికి గోడా లేదు, నేలా లేదు, బంతీ లేదు. ఉన్నవన్నీ రంగు చుక్కలు. ఒక రంగు చుక్క మరో రంగు చుక్కను ఆపలేదు గదా! మరి బంతిని ఆపుతున్నదెవరు?

ఈ ప్రశ్న నాకు తట్టినది కాదు. మా బడిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి తెచ్చిపెట్టింది. కంప్యూటర్ గదిలో ఆమె ఒక ఆట తయారుచేస్తోంది. ఒక కుర్రవాడు రాయి విసిరి మామిడికాయలు రాలగొట్టాలి, కాయలు బుట్టలో పడాలి. ఒకరోజు నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, గోడ బొమ్మ చక్కగానే వేశాను. రాయి మాత్రం గోడలోంచి దూసుకుపోతోంది. ఎందుకండీ?" అని అడిగింది. పాతికేళ్ళకు పైగా న్యూటన్ సూత్రాలు చెబుతున్న నాకు జవాబు తెలియలేదు. తెలియదని ఒప్పుకోకుండా, "పరీక్షలు దగ్గర పడుతున్నాయి, ఈ ఆటలు మానమ్మా" అని గద్దించాను. అలా అన్నందుకు తరువాత చాలా బాధపడ్డాను. రెండు వారాల పాటు సాయంత్రాలు ఆ కంప్యూటర్ ముందు కూర్చుని, ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకున్నాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. అది మా తోటి ఉపాధ్యాయుల్లో కొందరికి నచ్చదు. మీలో కొందరికీ నచ్చకపోవచ్చు. ముందు విషయం వినండి.

ఆటలు తయారుచేయడానికి గేమ్ ఇంజిన్ అనే సాధనం ఉంది. ఇంజిన్ అన్నారు గదా అని పొగ వదిలేది అనుకోకండి. బొమ్మలు గీయడం, శబ్దాలు వినిపించడం, వస్తువుల కదలికను లెక్కకట్టడం, ఈ పనులన్నీ చేసిపెట్టే ప్రోగ్రాము అది. మా బడిలో వాడేది గోడో. అర్జెంటీనా దేశస్థులు ఇద్దరు దాన్ని మొదలుపెట్టి, 2014లో లోపలి ప్రోగ్రాముతో సహా అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. పేరు చివర ట ఉన్నట్టు రాసినా పలకరు. మా పిల్లలు మాత్రం గోడాట్ అనే అంటారు, నేనూ దిద్దడం మానేశాను.

అందులో బొమ్మను తెర మీద పెట్టడం ఒక పని. "ఇది వస్తువు" అని కంప్యూటర్‌కు చెప్పడం వేరే పని. మా అమ్మాయి మొదటిది చేసింది, రెండోది చేయలేదు. అందుకే కంటికి గోడ కనిపించింది గాని, రాయికి "కనిపించలేదు".

వస్తువు అని చెప్పేటప్పుడు, ఎలాంటి వస్తువో కూడా చెప్పాలి. నేల, గోడ, చెట్టు మాను స్టాటిక్ బాడీలు. ఇవి ఇతరులను ఆపుతాయి గాని తాము కదలవు. ఎంత గట్టిగా కొట్టినా రవంతైనా కదలని గోడ ప్రకృతిలో ఉంటుందా? ఉండదు. రాయి గోడను నెట్టినప్పుడు గోడ మీదా బలం పడుతుంది. గోడ భూమిని అంటిపెట్టుకుని ఉంది, భూమి ద్రవ్యరాశి అపారం, కాబట్టి కదలిక మనకు తెలియదు. ఆ తెలియనంత కదలికను నేరుగా సున్నా అని రాసుకుంటే అదే స్టాటిక్ బాడీ.

రాయి, మామిడికాయ రిజిడ్ బాడీలు, అంటే దృఢ వస్తువులు. వీటికి ద్రవ్యరాశి, ఘర్షణ, ఎగిరిపడే గుణం మనం ఇస్తాం. కదిలించేది ఇంజిన్. తొడిమను వేలాడే కాయను రాయి తగిలేదాకా స్తంభింపజేసి ఉంచవచ్చు. ఇక్కడ పిల్లలు తరచు ఒక పొరపాటు చేస్తారు. రిజిడ్ బాడీని క్షణక్షణం "ఇక్కడుండు, అక్కడుండు" అని ప్రోగ్రాములో తామే జరుపుతుంటారు. గురుత్వం ఒకవైపు లాగుతుంది, వీళ్ళు ఒకవైపు లాగుతారు, కాయ వణికిపోతుంది. దాని చోటు మార్చకూడదు, దానికి బలం ఇవ్వాలి. బలం ఇస్తే త్వరణం వస్తుంది, త్వరణం వల్ల వేగం, వేగం వల్ల చోటు మారుతుంది. రెండో సూత్రాన్ని పరీక్షలో తప్పు లేకుండా రాసిన పిల్లలే కంప్యూటర్ ముందు ఈ వరుసను మరచిపోవడం చూశాను.

మరి కుర్రవాడు? మీట వదలగానే టక్కున ఆగుతాడు, గాలిలో ఉండగానే వెనక్కి తిరుగుతాడు. అతనికి జడత్వమే లేదు! ఆడేవాళ్ళ చేతికి అలా ఉంటేనే బాగుంటుంది. కాబట్టి అతణ్ణి క్యారెక్టర్ బాడీ అంటారు. ప్రోగ్రాము చెప్పినట్టు నడుస్తాడు, దేనికైనా తగిలితే ఆగుతాడు లేదా జారుతాడు. గురుత్వం కూడా తనంతట పనిచేయదు, మనమే కలపాలి. ఇక బుట్ట లోపలి ఖాళీకి ఏరియా అనే రకం ఉంది. అది ఎవరినీ ఆపదు, ఎవరు లోపలికి వచ్చారో చెబుతుంది. కాయల లెక్క దానితోనే.

రకం చెప్పినంత మాత్రాన సరిపోదు. ఆకారం కూడా ఇవ్వాలి. దాన్ని కొలిజన్ షేప్ అంటారు, మన మాటలో అభిఘాత ఆకారం. ఇది ఆటలో కంటికి కనబడదు. ఇవ్వకపోతే ఆ వస్తువు పేరు పక్కన పసుపు త్రికోణం వెలిగి హెచ్చరిస్తుంది. ఆకారాల దగ్గరే మా ఇద్దరికీ అసలు వాదన జరిగింది.

ఆ అమ్మాయి మామిడికాయ అంచు వెంట నలభై చుక్కలు పెట్టి, ముక్కుతో సహా అచ్చం కాయలాంటి ఆకారం గీసింది. ఎంతో ఓపికతో చేసింది, ముచ్చటగా ఉంది. కాని అక్కరలేదు. వృత్తం చాలు అన్నాను. ఎందుకో ఆలోచించండి. రాయీ వృత్తమే, కాయా వృత్తమే అయితే, తగిలాయా లేదా అని చూడడానికి ఒక్క లెక్క చాలు. రెండు కేంద్రాల మధ్య దూరం, రెండు వ్యాసార్థాల మొత్తం కంటె తక్కువైతే తగిలినట్టు. ఆ దూరం కనుక్కోవడానికి మీకు తెలిసిన పైథాగరస్ సిద్ధాంతం ఉంది. నలభై భుజాల బొమ్మకు భుజం భుజాన్నీ చూడాలి. అదీ సెకనుకు 60 సార్లు, ప్రతి కాయకూ.

"మరి ముక్కు మాటేమిటి మాస్టారూ?" అంది. ముక్కును వదిలెయ్యాలమ్మా అన్నాను. పాఠంలో "కారును ఒక బిందువుగా భావించండి" అంటే మనం భావించడం లేదూ? కారుకు నాలుగు చక్రాలు ఉన్నాయని ఆ పుస్తకం రాసినవారికి తెలియక కాదు. ఏ ప్రశ్నకు ఏది అక్కరలేదో తెలిసి వదిలేశారు.

వదిలెయ్యడం చేతనైందని ఆమె బుట్టకు కూడా ఒకే ఆకారం, కుంభాకార బహుభుజి, ఇచ్చింది. మరునాడు కాయలు బుట్టలో పడకుండా మూతి మీదే నిలిచాయి! కనబడని మూత ఎక్కడిది? బుట్ట చుట్టూ రబ్బరు బ్యాండు వేసి చూడండి. మూతి దగ్గర లోపలికి వంగకుండా అది తిన్నగా సాగి ఉంటుంది. కుంభాకార ఆకారం అంటే అదే. గుంట ఉండడానికి వీల్లేదు. కాయకు ముక్కు లేకపోయినా ఫరవాలేదు గాని, గుంట లేకపోతే బుట్ట బుట్టే కాదు. అడుగుకు ఒకటి, పక్కలకు రెండు, మొత్తం మూడు దీర్ఘచతురస్రాలు పెట్టింది. కాయలు లోపల పడ్డాయి. ఆమె ముఖం చూడవలసిందే.

కుర్రవాడికి మందుల దుకాణంలో దొరికే గొట్టం మాత్ర ఆకారం ఇస్తారు, కాప్సూల్ అన్నమాట. దీర్ఘచతురస్రం అయితే నేల ముక్కల అతుకుల దగ్గర దాని మూల తట్టుకుంటుంది. కాప్సూల్ అడుగు గుండ్రం గనుక జారిపోతుంది. ఇంకొక జాగ్రత్త. వృత్తం చిన్నదైతే దాని వ్యాసార్థం మార్చండి. మొత్తం బొమ్మను ఒక పక్కకు లాగి సాగదీయకండి, లెక్క తప్పుతుంది.

ఇదంతా సరిగ్గా చేశాక కూడా గట్టిగా విసిరిన రాయి మళ్ళీ గోడ దాటింది. ఈసారి కారణం వేరు. ఇంజిన్ మనలాగ ఎడతెరపి లేకుండా చూడదు. సెకనుకు 60 సార్లు కన్ను తెరుస్తుంది. రాయి వేగం సెకనుకు 1200 చుక్కలు అనుకుందాం. అంటే ఒక్కో అడుగుకు 20 చుక్కలు. రాయి వ్యాసం 10, గోడ మందం 6. రెండూ కలిపితే 16. కన్ను తెరిచినప్పుడు రాయి ఇవతల ఉంది, మళ్ళీ తెరిచేసరికి అవతల ఉంది. తగలడం అనేదే జరగలేదు! దారి మొత్తాన్నీ పరిశీలించమని ఇంజిన్‌కు చెప్పే మీట ఒకటుంది. గోడను మందంగా చేయడం అంతకన్నా తేలిక.

ఇక నా అభిప్రాయం. ఆట తయారుచేయడం చదువు కాదనేవారితో నేను ఏకీభవించను. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త, సందర్శకుల కోసం ఆసిలోస్కోపు తెర మీద టెన్నిస్ ఆట తయారుచేశాడు. బంతి గురుత్వానికి లోబడి వంగిన దారిలో పోయేది, నెట్‌కు తగిలేది. ఆయనకు అది ఆటా, లెక్కా కూడా. అయితే, వీడియోలు చూసి ఎందుకో తెలియకుండా మీటలు నొక్కుకుంటూ పోయే పిల్లలను కూడా నేను మెచ్చుకోను. రకం ఎంచే ముందు, ఆకారం ఇచ్చే ముందు, ఏం జరుగుతుందో నోట్‌బుక్కులో రాయాలి. తరువాతే ఆట నడపాలి. మా బడిలో ఈ నియమం పెట్టాను. మొదట విసుక్కున్నారు.

మరొక మాట కోపంతోనే చెబుతున్నాను. ప్రయోగశాల తాళం తీయకుండా, తెర మీద లోలకం ఊగించి "ప్రయోగం అయింది" అనిపించే బళ్ళను చూశాను. ఇది పిల్లలను మోసం చేయడమే. తెర మీద కాయ ఎందుకు కింద పడుతోంది? గోడోలో గురుత్వ త్వరణం 980 అని ముందే రాసిపెట్టారు గనుక. 100 చుక్కలు ఒక మీటరు అనుకుంటే అది మన 9.8. దాన్ని 98 అని మార్చండి, కాయ మెల్లగా దిగుతుంది. ప్రకృతిలో మార్చగలరా?

మేము చేసిన పని చెబుతాను, మీరూ చేయవచ్చు. సూత్రం ప్రకారం ఒక సెకనులో పడే దూరం 490 చుక్కలు. ఇంజిన్‌లో గాలి అడ్డులాగ వేగాన్ని తగ్గించే అంకె 0.1 ముందే ఉంటుంది, దాన్ని సున్నా చేయండి. 60 అడుగుల తరువాత కాయ దాదాపు 498 చుక్కలు పడుతుంది. ఆ 8 ఎక్కడివి? ప్రతి అడుగులో ఇంజిన్ ముందు వేగం పెంచి, తరువాత ఆ పెరిగిన వేగంతో జరుపుతుంది. 1 నుంచి 60 వరకు కూడితే 1830. దాన్ని 980తో గుణించి, 60 వర్గంతో భాగించండి. ఈ శ్రేఢి లెక్క పదో తరగతి పిల్లలు తేల్చారు.

ఆ తరువాత బడి మేడ మీదికి వెళ్ళి, కింద ఎవరూ లేకుండా చూసి, 4.9 మీటర్ల ఎత్తునుంచి చిన్న రాయి వదిలాం. నాలుగు స్టాప్‌వాచీలు నాలుగు జవాబులు చెప్పాయి. ఒకటి 0.9, ఇంకొకటి 1.1. మళ్ళీ మళ్ళీ వదిలి సగటు కట్టాం. కాగితం ముక్క వదిలితే అది గాలిలో ఊగుతూ గోడ అవతల పడింది. ఆ ఊగుడును తెర మీదికి ఎలా తేవాలో మాకింకా చేతకాలేదు.

మొన్న ఆ అమ్మాయి ఆటలో చెరువు కూడా పెట్టింది. కాయ నీళ్ళలో పడితే తేలాలా, మునగాలా అని నన్ను అడిగింది. నాకు తెలుసుననుకున్నాను గాని, ఈసారి గద్దించలేదు, చెప్పనూ లేదు. తోటనుంచి ఒక లేత కాయ, ఒక ముదురు కాయ తెస్తానంది. బకెట్టు నేను సిద్ధం చేసి ఉంచాను.