సేవకా, పహరాకా?

ఇంట్లో పెద్దాయన అడిగిందే మళ్లీ అడిగితే ఉర్దూలో 'సఠియా గయే' అని నవ్వుకుంటాం. తెలుగులో 'చాదస్తం' అని తీసిపారేస్తాం. రెండు మాటలూ తొందరపాటు మాటలే. అరవై దాటినంత మాత్రాన ఎవరికీ మతి పోదు. కన్నకొడుకునే 'నువ్వెవరు నాయనా?' అని అడిగే స్థితి వచ్చిందంటే అది ముసలితనం కాదు, జబ్బు. వైద్యులు దీనిని డిమెన్షియా అంటున్నారు. ఇందులో ఎక్కువగా కనిపించే రకాన్ని జర్మనీ వైద్యుడు అల్జీమర్ 1906లోనే వివరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో 5 కోట్ల 70 లక్షల మంది ఈ వ్యాధితో జీవిస్తున్నారు. పూర్తిగా నయంచేసే మందు నేటికీ లేదు. మందు లేనిచోట మిగిలేది ఖిద్మత్ ఒక్కటే.

ఆ సేవ ఇంట్లో సాధ్యం కానప్పుడు పాశ్చాత్య దేశాల్లో వృద్ధులను నర్సింగ్ హోముల్లో చేర్పిస్తారు. అవి మన ఊళ్లలోని చిన్న ఆసుపత్రుల వంటివి కావు. వృద్ధులు ఏళ్ల తరబడి నివసించే గృహాలు. అక్కడ రోగులు ఎక్కువ, చూసుకునే చేతులు తక్కువ. అందుకే యంత్రాలు ప్రవేశించాయి. రోగి మంచం దిగితే మోగే చాపలు, గడప దాటితే అరిచే తలుపులు, గదుల్లో కెమెరాలు వచ్చాయి.

ఇవి వృథా అని మేము అనడం లేదు. పడి తుంటి ఎముక విరిగిన వృద్ధుల అవస్థ తెలిసినవారు ఆ మాట అనలేరు. కాని ఒక్క విషయం ఆలోచించాలి. రోగి లేచాడని మాత్రమే ఆ చాప చెబుతుంది. ఎందుకు లేచాడో చెప్పదు. దాహం కావచ్చు, మరుగుదొడ్డి అవసరం కావచ్చు, తెల్లవారుజామున లేచే నలభై ఏళ్ల అలవాటు కావచ్చు. కారణం అడగకుండా మళ్లీ పడుకోబెడితే ఆ పరికరం సేవకు కాక పహరాకే పనికివచ్చినట్లు.

దీనికి భిన్నమైన ప్రయత్నాలూ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన హెస్టర్ లె రీష్, రోజంతా కదలక మెదలక కూర్చుండిపోయే రోగులను దృష్టిలో పెట్టుకుని 'టోవర్‌టాఫెల్' రూపొందించారు. మాయబల్ల అని ఆ పేరుకు అర్థం. పైకప్పుకు అమర్చిన పెట్టె భోజనబల్ల మీద వెలుగుబొమ్మలు వేస్తుంది. చేత్తో ఊడ్చితే ఆకులు చెదిరిపోతాయి. గెలుపోటములు లేవు, గుర్తుంచుకోవలసిన నియమాలు లేవు. జపాన్‌లో తకనోరి షిబతా తయారుచేసిన 'పారో' ఒక సీల్ పిల్ల బొమ్మ. నిమిరితే కదులుతుంది, పలుకుతుంది. కుక్కో పిల్లో అయితే అసలుదానితో పోల్చి చూస్తారని, జనానికి అంతగా పరిచయం లేని జంతువును ఎంచుకున్నారు. 2009లో అమెరికా ప్రభుత్వం దీనిని వైద్య పరికరంగా గుర్తించింది.

పెద్దవారి చేతికి బొమ్మలిచ్చి మభ్యపెట్టడం వారి గౌరవానికి భంగం కాదా అని కొందరు అడుగుతారు. కొట్టిపారేయదగిన ప్రశ్న కాదిది. బొమ్మను ఒడిలో పెట్టి ఆయా వెళ్లిపోతే అది నిర్లక్ష్యమే. అదే బొమ్మను నిమురుతూ ఆయా పక్కన కూర్చుంటే మూగబోయిన నోట మాట రావచ్చు. కనుక పరికరాన్ని కొలిచే కొలబద్ద ఒక్కటే: అది మనిషిని రోగికి దగ్గర చేసిందా, దూరం చేసిందా?

ఈ ప్రశ్న మనదాకా రాదనుకోవడం పొరపాటు. మన పిల్లలు గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నారు. హైదరాబాదులోనూ వృద్ధుల సంరక్షణ గృహాలు వెలిశాయి. సౌదీలో కూర్చుని ఫోనులో కెమెరా తెరిచి నానీ పడుకుందో లేదో చూడడం జాగ్రత్తే కావచ్చు, ఖిద్మత్ మాత్రం కాదు. ఆ కెమెరా పెట్టే ముందు, ఆమెకు ఇంకా తెలివి ఉండగానే, ఆమె ఇష్టం అడగడం మన విధి.

మన ఇంజినీరు యువకులకు మా మనవి ఒక్కటే. ఇటువంటి పరికరం తయారుచేయదలిస్తే ముందు కంప్యూటరు ముందు కూర్చోకండి. నాలుగు రోజులు రోగి పక్కన, ఆయా పక్కన కూర్చోండి. గృహాలు నడిపేవారూ యంత్రం కొనే ముందు ఆయాను అడగాలి. దానివల్ల మిగిలిన సమయాన్ని రోగి పక్కనే గడపనివ్వాలి. ఆ సమయాన్ని సాకుగా చూపి ఆయాల సంఖ్య తగ్గిస్తే, యంత్రం ఎంత గొప్పదైనా రోగికి ఒరిగేదేమీ లేదు.

మన పేరు మరచిపోయిన మనిషికి మన చేతి స్పర్శ ఇంకా తెలుస్తుంది. ఆ చేతికి ఆసరాగా నిలిచేదే మంచి యంత్రం.