‘ఏడిపించుట’ – ఒక మాట, ఒక బాధ్యత

తెలుగున ‘ఏడిపించుట’ యను మాటకు రెండర్థములు కలవు: కంట నీరు పెట్టించుట, వేళాకోళము చేయుట. బడిలో పదిమంది చేరి యొక బాలుని నిత్యము బాధించినపుడు పెద్దలు రెండవ యర్థమునే గ్రహించి, “ఊరక ఏడిపించినారు” అని త్రోసిపుచ్చుచున్నారు. మాటచాటున బాధ మరుగుపడుచున్నది. ఈ మరుగు తొలగించుటలో భాషావేత్తలకును పాలు కలదు.

ఉత్తర అండమానులోని డిగ్లీపూరును దృష్టాంతముగా గ్రహింతము. తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకులు స్థిరపడిన ప్రాంత మది. 2011 జనాభా లెక్కలను బట్టి అండమాన్ నికోబార్ దీవులలో నూటికి సుమారు 28 మంది వంగభాషీయులు. హిందీవారు 19, తమిళులు 15, తెలుగువారు 13. ఇన్ని భాషలు కలియు తరగతిలో, శ్రీకాకుళతీరపు జాలరి కుటుంబమునుండి వచ్చిన పిల్లవాని యాసయే వెక్కిరింతకు కారణము కావచ్చును. అట్టి బాలుడు మొదట మాతృభాషను, పిదప బడిని విడుచును.

ఇది ప్రజారోగ్య సమస్య. దిగులు, నిద్రలేమి, ఆత్మహత్యాచింతన దీని ఫలితములు. నార్వేలో 1982లో ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసికొనగా, మరుసటి యేడు ప్రభుత్వము దేశవ్యాప్తముగా ప్రతిక్రియ కారంభించెను. డాన్ ఓల్వెయుస్ అను పండితుడు పిల్లలనే ప్రశ్నించి వేధింపును లెక్కించెను. ఆటస్థలమున పెద్దల నిఘాను, తరగతి నియమములను ఏర్పఱచెను. అంటువ్యాధిని అరికట్టు పద్ధతియు నిట్టిదే. డిగ్లీపూరునుండి ద్వీపరాజధాని పెద్దాసుపత్రికి రోడ్డుమార్గమున సుమారు 300 కిలోమీటర్లు. అట్టిచోట చికిత్సకంటె నివారణమే శరణ్యము.

ఇక చట్టము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము శారీరకదండనను, మానసికవేధింపును నిషేధించినది. కాని యతిక్రమించినవారిపై చర్య ‘సేవానియమముల’ ననుసరించి యుండవలెనని చెప్పినది. సేవానియమములు ఉపాధ్యాయులకే కాని సహపాఠులకు లేవు. ఆంధ్రప్రదేశ్ 1997లో చేసిన ర్యాగింగు నిషేధచట్టము సముద్రము దాటి అండమానుకు వర్తింపదు.

“పిల్లల తగవులకు చట్టమేల?” అని కొంద రందురు. సమానుల మధ్య తగవు వేఱు. బలవంతులు బలహీనుని మాటిమాటికి బాధించుట వేఱు. బాలురను చెఱసాలకు పంపుమనుట మా వాదము కాదు. 2015 నాటి బాలల న్యాయచట్టము కోరునదియు సంస్కరణమే. పాఠశాలపై బాధ్యత మోపు చట్టము కావలెను. జపాను 2013లో చేసిన చట్టము బాధింపబడిన బాలుని యనుభవమును బట్టియే వేధింపును నిర్వచించినది. మన వ్యాకరణమును అదియే చెప్పుచున్నది: ‘ఏడిపించు’ అనునది ‘ఏడ్చు’ ధాతువునకు ప్రేరణరూపము, ఏడ్చువాడు లేక ఆ క్రియ లేదు.

పిల్లలను ప్రశ్నింపవలెనన్న వారి మాటలలోనే ప్రశ్నింపవలెను. గిల్లుట, వెలివేయుట, పేరుపెట్టి పిలుచుట మున్నగువానికి తెలుగు, వంగ, తమిళ, హిందీ భాషలలో పిల్లలు వాడు పలుకులను సేకరించి, ప్రశ్నావళులను సిద్ధపఱచుట భాషాశాఖలు చేయదగిన పని. తన బాధకు పేరు దొరకని బాలుడు ఫిర్యాదు చేయజాలడు. ఫిర్యాదు లేనిచో వైద్యుడును, న్యాయమూర్తియును నిస్సహాయులే.