ఓడలు పోయినా బడి మిగిలింది

ఉప్పుగూడ స్టేషన్‌లో నిలబడి సముద్రం ఊసెత్తితే పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. కానీ మన పాతబస్తీకి ఒకప్పుడు సముద్రపు వాకిలి ఉండేది తెలుసా? అదే బందరు! పారసీలో బందర్ అంటే రేవు. అందుకే 'బందరు రేవు' అన్నామంటే రేవును రెండుసార్లు అన్నట్టే.

చార్మినార్ కట్టించిన కుతుబ్ షాహీల రాజ్యానికి మచిలీపట్నమే ప్రధాన రేవు. మన అద్దకం బట్టలు అక్కడే ఓడలెక్కి పర్షియా దాకా, ఐరోపా దాకా వెళ్ళేవి. ఆ సరుకు కోసమే 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, ఆ వెనకే ఫ్రెంచివారు వచ్చి దిగారు.

వర్తకుల తర్వాత పాదరీల వంతు. 1841లో చర్చి మిషనరీ సొసైటీ పంపగా రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరు చేరారు. ఫాక్స్ ఊరూరా తిరిగి బోధించేవాడు. నోబుల్ మాత్రం 1843లో బడి పెట్టి కూర్చున్నాడు. పెద్ద కులాల ఇళ్ళ పిల్లలే అక్కడ ఎక్కువ. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకోవడంతో ఊరు భగ్గుమంది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. బడి దాదాపు ఖాళీ! అయితే ఇంగ్లీషు చదువు కావాలి, ఉద్యోగాలూ కావాలి. మెల్లమెల్లగా పిల్లలు తిరిగొచ్చారు.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి బందరును ముంచెత్తింది. సుమారు 30 వేల మంది చనిపోయారని లెక్క. ఆ మరుసటి ఏడాదే నోబుల్ కూడా బందరులోనే కన్నుమూశాడు. ఇసుక మేటలతో రేవు లోతు తగ్గి, ఓడలు దూరంగా ఆగాల్సి రావడంతో వ్యాపారం తగ్గిపోయింది. బడి మాత్రం కళాశాలగా ఎదిగింది.

అసలు విశేషం ఆ తర్వాతే ఉంది. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ఆ కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆయన దగ్గర చదువుకున్న ముట్నూరి కృష్ణారావు గారు కృష్ణాపత్రికను దశాబ్దాల పాటు నడిపి, తెల్లదొరల పాలనను కలంతో ఎదిరించారు. కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య గార్లతో కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. దొరల చదువుకు బదులుగా మన చదువు, చేతిపనులు నేర్పాలన్నది వాళ్ళ పట్టుదల. జాతీయ పతాకం రూపశిల్పి పింగళి వెంకయ్య గారూ అక్కడ పనిచేసినవారే. చూశారా! మిషను బడి నేర్పిన ఇంగ్లీషు, దొరలనే నిలదీసే వరకూ వచ్చింది. చదువు ఎవరు చెప్పినా, అది తలకెక్కాక దేనికి వాడుకోవాలో తేల్చుకునేది విద్యార్థే కదా!

పట్టాభి గారు 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 2023లో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. ఓడలు మళ్ళీ వస్తే ఊరికి మంచిదే.

ఈసారి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని బందరు వెళ్ళండి. మంగినపూడి బీచ్, చిలకలపూడి పాండురంగడి గుడి ఎలాగూ చూస్తారు. లడ్డూలు ఎలాగూ కొంటారు. అలాగే డచ్చివారి సమాధుల దగ్గర, నోబుల్ కళాశాల ముందర కూడా కాసేపు ఆగండి. సముద్రం దాటి వచ్చినవాళ్ళలో ఎవరు ఏం పట్టుకెళ్ళారో, ఎవరు ఏం వదిలి వెళ్ళారో పిల్లలకు చెప్పడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు.