మంగళవారము మధ్యాహ్నపు బొమ్మ

ఒంటిగంట వేళకు మన యిండ్లలో భోజనములు ముగిసి, వంటయిల్లు సర్దుకొని, స్త్రీలకు రవంత తీరిక చిక్కును. సరిగా నా వేళకే, ప్రతి మంగళవారమును, అమెరికాలోని లాస్ ఏంజలీసు నగరపు కళామ్యూజియమువారు తమ బింగ్ థియేటరులో నొక వెనుకటి చలనచిత్రమును స్వల్ప రుసుము గైకొని చూపుచుండెడివారు. ఏండ్ల తరబడి నడచిన యేర్పాటిది. రాత్రియాటల కోపలేని వృద్ధులు దానికి హెచ్చుగా వచ్చెడివారు.

చిత్తరువులు, శిల్పములు నుంచెడు చోట సినీమాల కేమి పని యని సోదరీమణులు కొంద రడుగవచ్చును. నేనును మొదట నట్లే తలచితిని. కాని చిత్తరువు గోడమీద నుండును. నేడు చూడకున్న మఱియొకనాడు చూడవచ్చును. చలనచిత్ర మట్లు గాదు. ఆడినన్నాళ్లే దాని యాయువు. ఆట తీఱిన ఫిల్మును అందలి వెండి కొఱకు కరగించుటయు నొకప్పుడు వాడుకయే.

ఈ స్థితిని మాన్పబూనిన మ్యూజియములలో ముందుగా చెప్పదగినది న్యూయార్కులోని మ్యూజియమ్ ఆఫ్ మోడరన్ ఆర్టు. 1929లో దానిని నెలకొల్పిన వారు మువ్వురు స్త్రీలు: ఆబీ రాక్‌ఫెల్లరు, లిలీ బ్లిస్, మేరీ సలివన్ అనువారు. 1935లో నందొక ఫిల్ము భాండారము నేర్పరచి, ఐరిస్ బ్యారీ యను నామెకు దాని పోషణ నప్పగించిరి. ఆమె ఆంగ్లేయ వనిత, 1895లో జన్మించినది, లండను పత్రికలకు సినీమా విమర్శలు వ్రాసి పేరొందినది. న్యూయార్కునకు వచ్చి 1932 మొద లా మ్యూజియముననే గ్రంథాలయము చూచుచుండెను. 1935లోనే భర్తతో హాలీవుడ్డునకు బోయి, మేరీ పిక్‌ఫర్డు ఇంట జరిగిన విందులో నటులను, నిర్మాతలను కలిసికొని, మీ పాతబొమ్మలు మాకిండని యడిగెను. మరుసటి యేట ప్యారిస్, బెర్లిన్, మాస్కో, స్టాక్‌హోముల వెంట తిరిగి పాతబొమ్మలు కూర్చెను. అట్లు చేర్చిన వానిని వరుసలుగా గూర్చి, ఊరూర గల కళాశాలలకు, మ్యూజియములకు నద్దెకు పంపిరి. చిన్న యూళ్ల మ్యూజియములలో పాతబొమ్మల ప్రదర్శనలకు చాలవఱకు బీజము పడిన దక్కడనే.

1939లో ఆ మ్యూజియమునకు క్రొత్త భవనమును, అందొక ప్రదర్శనశాలయు నమరెను. అయితే వచ్చినవారిలో కొందఱు పాత మూగచిత్రములను జూచి పకపక నవ్వుచు నల్లరి చేసెడివారట. బ్యారీ తన కుర్చీ యొద్ద యంత్రము నడపువానితో మాటాడుటకు టెలిఫోను పెట్టించుకొనెను. అల్లరి మితిమీఱినచో, గోల మానకున్న ఆట నిలిపివేయుదు మను ప్రకటన తెరమీద బడెడిది. పెద్దింటి ముసలమ్మ చేతికఱ్ఱ తాటించినట్లు తోచి, ఇది చదివినపుడు నాకును నవ్వు వచ్చినది.

ఆ నవ్వులో ప్రేక్షకులదే తప్పనరాదు. మూగచిత్రములను సెకనుకు 16 మొదలు 20 బొమ్మల వఱకు తీసెడివారు. టాకీ యంత్రము 24 చొప్పున త్రిప్పును. అందుచేత నాటి మనుష్యులు గంతులు వేయుచు నడచినట్లు కనబడుదురు. తగిన వేగమున త్రిప్పినచో వారును మనవలెనే నడచువారు.

నవ్వుటకంటె పెద్ద గండ మింకొకటి కలదు. 1950 ప్రాంతము వఱకు ఫిల్మును నైట్రేటుతో జేసిరి. ప్రత్తినారపై నామ్లము లుపయోగించి తయారుచేసిన పదార్థమది. అంటుకొన్న నీటను ముంచినను ఆరదు. అంటుకొనకున్నను, కాలక్రమమున బొమ్మ వెలసి, జిగటయై, తుదకు గోధుమవన్నె పొడి యగును. 1937లో న్యూజెర్సీలోని ఫాక్స్ కంపెనీ కొట్టు తగులబడి వారి మూగచిత్రములలో పెక్కింటి ప్రతులు బూడిదయయ్యెను. 2013లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసు ప్రకటించిన లెక్క ప్రకారము, ఆ దేశపు పెద్ద మూగచిత్రములు 10,919లో తొలినాటి రూపమున నిండుగా మిగిలినవి నూటికి 14 మాత్రమే.

తాటియాకుల గ్రంథముల గతియు నిట్టిదే గదా! పురుగు పట్టకమున్నే మఱియొక ప్రతి వ్రాయింపకున్న గ్రంథము దక్కదు. లేఖకుడు తుదిపుటలో, నూనె తగులనీకుడు, తడియనీకుడు, మూర్ఖుల చేతికీయకుడు అని వేడుకొనుట యందుకే. ఫిల్మును చల్లని గదిలో భద్రపఱచి, క్రొత్త ఫిల్ముపై నెత్తి వ్రాసికొనవలయును. మన సంగతి తలచినచో బాధ కలుగును. 1921 నాటి భీష్మప్రతిజ్ఞగాని, 1932లో వెలువడిన మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదగాని నేడు చూతమన్న దొరకవు. పూనాలో జాతీయ ఫిల్ము భాండారము నెలకొల్పునప్పటికి 1964వ సంవత్సరము వచ్చినది.

లాస్ ఏంజలీసు మ్యూజియమువారు 2009లో, వ్యయము గిట్టుటలేదని, వారాంతపు చలనచిత్ర ప్రదర్శనలను నిలుపుదుమని ప్రకటించిరి. జనులు గోల పెట్టిరి. దర్శకుడు మార్టిన్ స్కార్సెసే బహిరంగలేఖ వ్రాసెను. మ్యూజియమువారు వెనుకకు తగ్గిరి. బింగ్ థియేటరును మాత్రము క్రొత్త భవనము కొఱకు 2020లో పడగొట్టిరి.

అదే 2009లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియమున ఆలిస్ గీ యను నామె చిత్రములను 80కి పైగా ప్రదర్శించిరి. ఈమె ఫ్రాన్సులో గోమాన్ కంపెనీలో గుమాస్తాగా చేరి, 1896 మొదలు తానే చిత్రములు తీయసాగెను. కథాచిత్రము తీసిన మొదటి స్త్రీ యని పలువురు చెప్పుదురు. తరువాత అమెరికాకు వచ్చి, 1912లో న్యూయార్కు నది కావలి యొడ్డున ఫోర్ట్ లీలో స్వంత స్టూడియో కట్టించెను. వందలకొలది చిత్రములు తీసి, సంసారము చెదరి, బిడ్డలతో ఫ్రాన్సు చేరెను. 1927లో తన చిత్రములను వెదకికొనుటకై మరల అమెరికాకు వచ్చెను. ఒక్కటియు దొరకలేదు.

ఐరిస్ బ్యారీ భాండారమును తెరచుట కది యెనిమిదేండ్లకు ముందు. తెరచిన పిదపను, ఏది దాచవలె, ఏది విడువవలె నను నిర్ణయము దాచువారిదే గదా. ఆలిస్ పేరు చరిత్రకారులకు చిరకాలము పట్టలేదు. ఆమె 1968లో న్యూజెర్సీలోనే మరణించెను. మిగిలిన ఫిల్ములు వేఱువేఱు దేశముల భాండారములనుండి యొక్కటొక్కటిగా బయటపడినవి. విట్నీలో 2009 నవంబరు మొదలు 2010 జనవరి వఱకు జనులు వానిని జూచిరి.