సిరిని కాపాడేది కత్తి కాదు

మొత్తానికి 'ది విచర్ 3: వైల్డ్ హంట్' పూర్తయ్యింది. 2015 మేలో వచ్చిన ఆట, ఇప్పుడా పూర్తి చేయడం అని నవ్వకండి. ఆఫీసు అయ్యాక రాత్రి ఓ గంట, శని ఆదివారాల్లో ఇంకాస్త.. అలా ఆడితే నెలలు పట్టదూ మరి! గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, గుర్రం మాట వింటుందా (వినదు) లాంటివి రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను రాద్దామనుకున్నది ముగింపు గురించి. కాబట్టి ఇంకా ఆడనివాళ్లు, ఆడే ఉద్దేశం ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగిపోండి. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

ఆట సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సప్కోవ్‌స్కీ అనే పోలండ్ రచయిత సృష్టించిన పాత్రలతో, ఆ దేశానికే చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ అనే కంపెనీ చేసిన ఆట ఇది. మనం గెరాల్ట్. డబ్బులు పుచ్చుకుని రాక్షసుల్ని చంపడం మన వృత్తి. సిరి అతను పెంచుకున్న కూతురు. ఆమె రక్తంలో ఏదో శక్తి ఉంది. దానికోసం వైల్డ్ హంట్ అనే సైన్యం వెంటపడుతుంటుంది. కన్నతండ్రి ఎమ్‌హిర్ చక్రవర్తి. ఆయనకి సింహాసనానికి వారసురాలు కావాలి. మాంత్రికురాళ్ల సంఘానికి తమ పలుకుబడి కోసం కావాలి. సిరికి ఏం కావాలో అడిగే నాథుడు లేడు.

ఇలాంటి ఆటల్లో మంచిచెడ్డలకి లెక్కలుండటం మామూలే. 2003లో వచ్చిన 'నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్'లో వెలుగు వైపు, చీకటి వైపు అని మీటరు పెట్టారు. 2008 నాటి 'ఫాలౌట్ 3'లో అయితే దానికి ఏకంగా కర్మ అనే పేరు. బిచ్చగాడికి మంచినీళ్లిస్తే ప్లస్సు, దొంగతనం చేస్తే మైనస్సు. నా ఉద్దేశంలో మీటరు కళ్లముందు కనిపించిన క్షణం నుంచి మనం మంచి చేయడం మానేసి మీటరు నింపడం మొదలుపెడతాం. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది వేరే చెప్పాలా? ఎన్ని టికెట్లు మూశావని లెక్కపెట్టే చోట టికెట్లే మూతపడతాయి, సమస్యలు కాదు.

విచర్ 3లో ఆ మీటరు లేదు. పైగా ఫలితం వెంటనే కనిపించదు. బారన్ కథే చూడండి. తాగి పెళ్లాన్ని కొట్టిన మనిషి. ఆమె, కూతురు ఇద్దరూ అతన్ని వదిలి వెళ్లిపోయారు. మధ్యలో ఒక చెట్టు కింద బందీగా ఉన్న ఆత్మ మనకి ఎదురవుతుంది. వదిలేస్తే అనాథ పిల్లలు బతుకుతారు, కానీ పక్కనున్న ఊరు నాశనమవుతుంది, బారన్ భార్య చనిపోతుంది, అతను ఉరేసుకుంటాడు. చంపేస్తే ఊరు నిలుస్తుంది, భార్య మతి చెడినా ప్రాణాలతో మిగులుతుంది, పిల్లలు మాత్రం దక్కరు. ఇదంతా తెలిసేది చాలాసేపటి తర్వాత. వెనక్కి వెళ్లి పాత సేవ్ తెరుద్దామంటే అప్పటికే గంటల ఆట గడిచిపోయి ఉంటుంది. తెరిచినా, ఏది మంచిదని ఎంచుకుంటారు?

ఇక అసలు విషయం. చివర్లో సిరి బతుకుతుందా లేదా అన్నది మన కత్తిసాములో లేదు. అంతకుముందు ఆమెతో నడిచిన నాలుగైదు చిన్న సంభాషణల్లో ఉంది. మాంత్రికురాళ్ల సంఘంతో మాట్లాడటానికి వెళ్తుంటే 'నేనూ వస్తాను' అన్నామా, 'నువ్వు చూసుకోగలవు' అన్నామా? తనని వాడుకుంటున్నాడని కోపమొచ్చి అవలాక్ ప్రయోగశాలని ధ్వంసం చేయబోతే శాంతించమన్నామా, కానివ్వమన్నామా? తనకి ఆశ్రయమిచ్చినందుకు పిరికివాడన్న ముద్ర పడి చనిపోయిన కుర్రాడి సమాధి దగ్గరికి వెళ్దామంటే టైము లేదన్నామా, తోడు వెళ్లామా? ప్రపంచాన్ని ముంచబోయే మంచుకి ఎదురెళ్లే ముందు సిరికి గుర్తొచ్చేవి ఇవే. ధైర్యమిచ్చిన జ్ఞాపకాలు ఎక్కువుంటే తిరిగొస్తుంది. లేకపోతే రాదు.

ఇది చూశాక నాకు మన ఇళ్లు గుర్తొచ్చాయి. 'నేనూ వస్తాను' అన్నది మన దగ్గర ప్రేమకి ఇంకో పేరు. ఈఏపీసెట్ కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టేది పిల్లలే, కానీ పక్కన కూర్చుని వరస చెప్పేది ఎవరో అందరికీ తెలుసు. ప్రేమ లేక కాదు, భయంతో. గెరాల్ట్‌దీ అదే భయం. ఆ భయం ఎంత నిజమైనదైనా, దాన్ని పిల్లల నెత్తిన పెడితే వాళ్లకి అందేది 'నీ వల్ల కాదు' అన్న మాట ఒక్కటే అని ఈ ఆట అంటుంది. ఉపన్యాసం ఇవ్వకుండా అంటుంది.

చెప్పకుండా పరీక్ష పెట్టడం అన్యాయం కదా అనే వాదన ఒకటుంది. నేను ఒప్పుకోను. ఏ మాట పిల్లల మనసులో పదేళ్లు ఉండిపోతుందో ముందే గంట కొట్టి ఎవరు చెప్తారు?

అయితే నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. వెసెమిర్ చనిపోయాక కుంగిపోయిన సిరితో 'అన్నిట్లోనూ నువ్వే గొప్పగా ఉండక్కర్లేదు' అంటే తప్పుగా లెక్కేస్తారు, మంచుముద్దలతో ఆడుకుంటే ఒప్పు. ఎప్పుడూ ఫస్ట్ రావాలని పెరిగిన పిల్లలకి ఆ మొదటి మాట కంటే పెద్ద ఓదార్పు ఏముంటుంది చెప్పండి!

ఇంకోటి దీనికంటే పెద్దది. కూతురి నిర్ణయం కూతురిదే అని ఇంత చెప్పిన ఆటలో, ఆమె బతుకు చివరికి నాన్న ఎలా పెంచాడన్న దానిమీదే ఆధారపడింది. రాణి కావడమా, విచర్ కావడమా అన్నది కూడా ఆయన ఆమెను ఎక్కడికి తీసుకెళ్లాడన్న దాన్నిబట్టే మారుతుంది. నాకు వచ్చింది విచర్ ముగింపు. సిరి చనిపోయిందని చక్రవర్తికి అబద్ధం చెప్పి, ఆమె చేతిలో వెండి కత్తి పెట్టడం బాగుంది. కానీ ఆ కత్తి కూడా నాన్న ఇచ్చిందేగా!

2024 డిసెంబరులో 'ది విచర్ 4'ని ప్రకటించారు. అందులో ప్రధాన పాత్ర సిరి. గెరాల్ట్ లేకపోతే ఆటేముంది అని కొందరు గొడవ చేశారు కూడా. నాకైతే ఈ కథకి జరగాల్సిన ముగింపు అదే అనిపిస్తోంది. అన్నాళ్లు 'నువ్వు చూసుకోగలవు' అని చెప్పిన పెద్దమనిషి ఇప్పుడు పక్కకి తప్పుకోవాలి కదా. లేకపోతే ఆ మాటకి విలువేముంది?